పడకేసిన ఇన్వర్టర్ బ్యాటరీకి ఆటోనగర్‌లో వైద్యం: నేను చూసిన పనితీరు, తీసుకున్న కొలతలు

విజయవాడ ఆటోనగర్‌లో పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలను బాగుచేసే ఒక చిన్న దుకాణం గురించి రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. మీ బ్యాటరీ కోలుకునే స్థితిలో ఉంటే ఇక్కడికి తీసుకెళ్లండి. కోలుకోదని దుకాణం యజమాని అంటే ఆ మాట నమ్మండి. ఈ రెండో విషయం కోసమే ఈ సమీక్ష రాయాలనిపించింది. బ్యాటరీ బాగుచేస్తామనేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇది బాగుపడదని చెప్పి, ఎందుకు బాగుపడదో కొలిచి చూపించి, పైసా తీసుకోకుండా పంపించేవారు చాలా అరుదు.

తన పేరు గానీ దుకాణం పేరు గానీ రాయవద్దని యజమాని కోరారు. ఉన్న పనికే మనుషులు చాలడం లేదట. ఆ కోరిక మన్నిస్తున్నాను. అందుకు బదులుగా ఆయన ఏ పని ఏ వరుసలో చేస్తారో విడమరచి రాస్తాను. మీ ఊళ్లో అలా పనిచేసే మనిషిని గుర్తుపట్టడానికి బోర్డు మీది పేరు కన్నా ఆ వివరాలే ఎక్కువ పనికొస్తాయి.

నా గురించి ఒక్క ముక్క. నా ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో గడిచింది. అందులో ఎక్కువ కాలం బ్యాటరీ గది బాధ్యత నాదే. ఒక్కొక్కటి రెండు వోల్టుల సెల్లు, అలాంటివి 24 వరుసగా కలిపితే 48 వోల్టులు. చెక్క స్టాండ్ల మీద నిలబెట్టి ఉండేవి. పాజిటివ్ వైపును భూమికి కలిపేవాళ్లం, భూమిలోని రాగి తీగలను తుప్పు తినేయకుండా. వాటిలో ఒకదాన్ని పైలట్ సెల్‌గా, అంటే అన్నింటి తరఫున నమూనాగా, ఎంచుకుని రోజూ దాని గ్రావిటీ (నీటితో పోలిస్తే ఆమ్లం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె), వోల్టేజి, ఉష్ణోగ్రత పుస్తకంలో రాసేవాళ్లం. ఊరంతా చీకటైపోయినా ఫోన్లు మాత్రం మోగుతుండేవంటే ఆ గది చలవే. ఆ అలవాటు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎవరింటికి వెళ్లినా ఇన్వర్టర్ పక్కన వంగి బ్యాటరీలో నీళ్లు ఎంత ఉన్నాయో చూస్తాను. మా ఆవిడకు ఇది నచ్చదు. నాకు మాత్రం దాహంతో ఉన్న బ్యాటరీని చూస్తే మనసు ఒప్పదు.

ఈసారి తీసుకెళ్లినవి రెండు బ్యాటరీలు. ఒకటి గుడివాడలో ఉండే మా తమ్ముడిది. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) ట్యూబులర్ రకం, కొని మూడేళ్లయినా నిండలేదు. తమ్ముడూ మరదలూ మనవడి కోసం డల్లాస్ వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండిపోయారు. వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేశారు, ఇన్వర్టర్‌ను మాత్రం బ్యాటరీకి కలిపే ఉంచారు. బయటి నుంచి కరెంటు రాదు, లోపల ఇన్వర్టర్ తన కోసం కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. తిరిగి వచ్చేసరికి బ్యాటరీ పూర్తిగా అడుగంటింది. ఇన్వర్టర్ దాన్ని గుర్తించను కూడా లేదు. రెండోది మా ఇంట్లోదే. ఏడేళ్లు నమ్మకంగా పనిచేసింది. ఈ మధ్య ఫ్యాను, రెండు లైట్లు పెడితే అరగంటకే చేతులెత్తేస్తోంది.

ఆటోనగర్‌లో ఇంజిన్లు విప్పేవారు, బాడీలు కట్టేవారు, రేడియేటర్లు అతికేవారు వీధులవారీగా ఉంటారు. ఈ దుకాణం అలాంటి ఒక లోపలి వీధిలో, రెండు షట్టర్ల గది. ముందు భాగం తెరిచి ఉంటుంది, వెనక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే నేను మొదట చూసింది ఆ ఫ్యానునే. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలడానికి. మూసిన గదిలో పది బ్యాటరీలు వరుసగా పెట్టి చార్జి చేసే చోట్లు చూశాను. అలాంటి చోట నేను నిలబడను.

ఆయన చేసిన మొదటి పని బ్యాటరీ పైభాగం కడగడం. మూతలన్నీ బిగించి ఉన్నాయో లేదో చూసి, వంట సోడా కలిపిన నీళ్లతో రుద్ది, మంచి నీళ్లతో తుడిచారు. తమ్ముడి బ్యాటరీ మీద దుమ్ము, ఆమ్లపు తడి కలిసి పొరలా పేరుకుని ఉంది. ఆ పొర గుండా పాజిటివ్ నుంచి నెగటివ్‌కు సన్నగా కరెంటు కారుతూనే ఉంటుంది. వోల్టుమీటరు తీగల కొసలను టెర్మినల్‌కు కాకుండా ఆ తడి పొర మీదే ఆనించి ఆయన చూపించారు, మీటరు వోల్టేజి చూపిస్తోంది. పక్కన పనిచేసే కుర్రవాడికి కూడా పిలిచి చూపించారు. అది నాకు బాగా నచ్చింది.

తర్వాత ఆరు సెల్ల మూతలూ విప్పారు. ప్లేట్లు కొన్ని సెల్లలో బయటపడి కనిపిస్తున్నాయి. అక్కడ చాలామంది చేసే పని పైదాకా నీళ్లు నింపేయడం. ఆయన ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోశారు. చార్జి అవుతున్నకొద్దీ మట్టం పైకి వస్తుంది, ముందే నింపితే ఆమ్లం పొంగి బయటికి పోతుంది, పోయిన ఆమ్లం మళ్లీ రాదు. మిగతా నీళ్లు చార్జి పూర్తయ్యాకే. ఈ ఒక్క క్రమం పాటిస్తున్నారా లేదా అని చూస్తే చాలు, మనిషికి పని వచ్చో రాదో తెలిసిపోతుంది.

ఆ తర్వాత హైడ్రోమీటరు. గాజు గొట్టంలోకి ద్రవం పీల్చి, లోపల తేలే బుడ్డి ఎంత మునిగిందో చూసే పరికరం. నీటి సాంద్రత 1000 అనుకుంటే, నిండుగా చార్జి అయిన ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలో 27 డిగ్రీల వద్ద సుమారు 1240 ఉండాలి. తమ్ముడి బ్యాటరీలో అయిదు సెల్లలో 1080కి అటూ ఇటూ, ఆరోదానిలో ఇంకా కింద. ఆయన ప్రతి సెల్లుదీ చీటీ మీద విడివిడిగా రాశారు. ఉష్ణమాపకం కూడా ముంచి చూశారు! ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే ద్రవం పలచబడి హైడ్రోమీటరు సుమారు 0.7 తక్కువ చూపిస్తుంది. మన ఎండల్లో ద్రవం 37 డిగ్రీలకు చేరితే 1233 చూపినా అసలు విలువ 1240. ఈ సవరణ చేసే మనిషిని ఉద్యోగం మానేశాక బయట చూడటం నాకు ఇదే మొదలు. చాలా సంతోషం వేసింది.

"కుదురుతుందా, బాబూ?" అని అడిగాను.

"ఇది నిద్రపోయిన బ్యాటరీ, బాబాయి గారూ, చచ్చింది కాదు. ఆరు సెల్లూ ఇంచుమించు ఒకేలా పడిపోయాయి. ఒక్కటే పడిపోయి ఉంటే వేరే మాట. తొందర పెట్టకుండా వదిలేయండి, మెల్లగా ఎక్కిస్తాను" అన్నారు.

ఎందుకు మెల్లగా అన్నది తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు రకాల ప్లేట్లూ ఆమ్లంలోని సల్ఫేటును పట్టుకుని లెడ్ సల్ఫేటుగా మారుతుంటాయి, ద్రవం నీళ్లబారుతుంది. చార్జి చేస్తే ఆ సల్ఫేటు వెనక్కి ద్రవంలోకి వచ్చి ఆమ్లం చిక్కబడుతుంది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన మొదటి లెడ్ యాసిడ్ బ్యాటరీలోనూ ఇదే జరిగింది, ఈ రోజు మన ఇన్వర్టర్ కింద జరిగేదీ ఇదే. వెంటనే చార్జి చేస్తే ఆ సల్ఫేటు సన్నని పొడిలా ఉండి ఇట్టే కరిగిపోతుంది. ఖాళీ బ్యాటరీని వారాలు, నెలలు అలా వదిలేస్తే ఆ పొడి గట్టి పలుకులుగా పెరుగుతుంది. పంచదార నీళ్లలో పడగానే కరుగుతుంది, అదే పంచదారతో చేసిన పటికబెల్లం పలుకు గంటలు తీసుకుంటుంది. సల్ఫేషన్ అనేది ఇదే. కొంతవరకు ముదిరినదాన్ని తక్కువ కరెంటుతో ఎక్కువ గంటలు చార్జి చేసి కరిగించవచ్చు. బాగా ముదిరిపోతే ఏ యంత్రమూ కరిగించలేదు.

ఆయన చార్జరు పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ రకం, ఆంపియర్లు తిప్పుకునే నాబ్ ఉన్నది. మూడు, నాలుగు ఆంపియర్లతో మొదలుపెట్టారు. మొదట్లో బ్యాటరీ కరెంటును లోపలికి రానివ్వదు, వోల్టేజి మాత్రం అమాంతం ఎక్కి కూర్చుంటుంది. తెలియనివాడు దాన్ని చూసి చార్జి నిండిపోయిందని తీసేస్తాడు. ఆగితే, సల్ఫేటు కరగడం మొదలయ్యాక, ఆ వోల్టేజి నెమ్మదిగా దిగి, మళ్లీ నిదానంగా పైకి ఎక్కుతుంది. అప్పుడే అసలు చార్జి ఎక్కుతున్నట్టు. ఈ దిగడం, ఎక్కడం ఆయన గంట గంటకూ పలక మీద రాసి ఉంచారు. మర్నాడు వెళ్లినప్పుడు ఆ అంకెలు చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మా బ్యాటరీ గది పుస్తకం గుర్తుకొచ్చింది.

ఆటోనగర్‌లోనే కాదు, చాలాచోట్ల బూస్ట్ చార్జింగ్ పేరుతో ఇరవై, ముప్పై ఆంపియర్లు కొట్టి సాయంత్రానికి చేతిలో పెట్టేస్తారు. సల్ఫేషన్ పట్టిన బ్యాటరీకి అంత కరెంటు ఇస్తే అది వేడిగానూ బుడగలుగానూ పోతుంది. ఆ బుడగల తాకిడికి ప్లేట్ల మీది పదార్థం ఊడి అడుగుకు చేరుతుంది. ద్రవం 50 డిగ్రీలు దాటకూడదు. ఈయన చెయ్యి ఆనించి చూసి, తర్వాత ఉష్ణమాపకం పెట్టి, నలభై దాటగానే కరెంటు తగ్గించారు.

ఇక్కడ ఒక హెచ్చరిక రాయకుండా ఉండలేను. మా వీధిలో ఒకరు ఇలాంటి బ్యాటరీనే ఇంకో చోటికి తీసుకెళ్లారు. అక్కడివాళ్లు పాత ద్రవం మొత్తం వంపేసి, కొత్తగా చిక్కటి ఆమ్లం పోసి, కాసేపు చార్జి చేసి ఇచ్చేశారు. హైడ్రోమీటరు పెడితే ఆకుపచ్చ గీత చూపించింది, ఆయన ఆనందంగా ఇంటికి తెచ్చుకున్నారు. కొన్ని వారాలకే బ్యాటరీ పూర్తిగా పోయింది. అలా ఎందుకవుతుందో ఆలోచించండి. ఆమ్లంలో తగ్గిన సల్ఫేటు ఎక్కడికీ పోలేదు, ప్లేట్ల మీదే ఉంది. దాన్ని కరిగించి వెనక్కి తేకుండా పైనుంచి మరింత ఆమ్లం పోస్తే గ్రావిటీ అంకె పెరుగుతుంది గానీ బ్యాటరీ శక్తి పెరగదు. తర్వాత ఎప్పుడైనా ఆ సల్ఫేటు కాస్త కరిగితే ఆమ్లం 1300 దాకా వెళ్లి ప్లేట్ల జాలీని, మధ్యలోని తెరలను తినడం మొదలుపెడుతుంది. ద్రవం ఒలికిపోయిన బ్యాటరీకి తప్ప ఆమ్లం పోయకూడదు. బ్యాటరీ నుంచి ఆవిరై పోయేది నీరే, పోయవలసిందీ నీరే. ఎవరైనా మీ బ్యాటరీని బోర్లించి వంపబోతే అక్కడినుంచి తీసుకుని వచ్చేయండి.

బ్యాటరీ ఆయుష్షు పెంచుతామంటూ అమ్మే పొడులు, ద్రవాల గురించి కూడా అడిగాను. ఈ దుకాణంలో అవి లేవు. మెగ్నీషియం సల్ఫేటు ఉప్పు వేస్తే కొన్నాళ్లు కాస్త ఊపు వచ్చినట్టు అనిపిస్తుంది, కరిగిపోని సల్ఫేటును అది కరిగించదు. తలనొప్పి మాత్రలు వేసేవాళ్లూ ఉన్నారు. ఆస్పిరిన్ ఆ ద్రవంలో విడిపోయి అసిటిక్ ఆమ్లం ఇస్తుంది, సీసాన్ని తినే ఆమ్లాల్లో అదొకటి. దయచేసి వద్దు. కరెంటును విడివిడి దెబ్బలుగా పంపే పల్సు చార్జరు ఒకటి ఆయన అరలో ఉంది, బైకు బ్యాటరీలకే వాడతారు. పెద్ద బ్యాటరీలకు నెమ్మదిగా చార్జి చేయడమే నమ్ముతారు, నేనూ అంతే.

చార్జి ముగింపు దశలో ఆరు మూతలూ తెరిచి నన్ను లోపలికి చూడమన్నారు. ఆరింటిలోనూ ఒకే జోరుతో సన్నని బుడగలు. ఇది అవసరమైన దశ. చార్జి అవుతున్నప్పుడు ప్లేట్ల నుంచి వచ్చే చిక్కటి ఆమ్లం బరువుకి అడుగున చేరుతుంది, పైన నీళ్లలాంటిది మిగులుతుంది. ఆ బుడగలే అడుగుదాన్నీ పైదాన్నీ కలుపుతాయి. కలవకముందే గ్రావిటీ తీస్తే పై నీళ్లది మాత్రమే తెలుస్తుంది. వరుసగా మూడు గంటల పాటు ఏ సెల్లులోనూ అంకె మారకపోతేనే చార్జి అయినట్టు లెక్క అని మా రోజుల్లో నియమం. ఈయన కూడా అదే పాటిస్తారు. చివరికి అయిదు సెల్లు 1235, 1240 మధ్య నిలిచాయి. ఆరోది 1220 దగ్గర ఆగింది.

అంతటితో చేతిలో పెట్టేస్తే నేను ఈ సమీక్ష రాసేవాణ్ని కాదు. ఆ తర్వాత లోడు టెస్టు పెట్టారు. 55 వాట్ల హెడ్‌లైటు బల్బులు రెండు, పక్కన గడియారం. సుమారు తొమ్మిది ఆంపియర్ల లోడు. కొత్త 150 ఏహెచ్ బ్యాటరీ ఆ లోడు మీద 10.5 వోల్టులకు (అక్కడికి వస్తే ఖాళీ అయినట్టు లెక్క) దిగడానికి పదిహేను గంటలు దాటాలి. మొదటిసారి అందులో సగమే నిలబడింది. మళ్లీ నిదానంగా చార్జి చేసి మళ్లీ ఖాళీ చేశారు. రెండోసారి మెరుగు. మూడోసారికి పదకొండు గంటలు దాటింది. అంటే కొత్తదానిలో ముప్పావు వంతుకు కాస్త తక్కువ. గ్రావిటీ మంచిగా ఉండటం ఒక ఎత్తు, గంటలు నిలబడటం ఒక ఎత్తు. ఈ గంటల లెక్క చీటీ మీద రాసి ఇవ్వని దుకాణాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు మా ఇంటి బ్యాటరీ సంగతి. దానికి ఆయన చాలా తక్కువ సమయం పెట్టారు, పెట్టవలసినంతే పెట్టారు. హైడ్రోమీటరులోకి పీల్చిన ద్రవం గోధుమ రంగులో మడ్డిగా వచ్చింది. ట్యూబులర్ బ్యాటరీలో పాజిటివ్ ప్లేటు అంటే సీసపు కడ్డీల చుట్టూ పాలియెస్టర్ గొట్టాల్లో కూరిన పదార్థం. గొట్టాలు చిరిగితే ఆ పదార్థం ఇలా కారి అడుగున మేట వేస్తుంది. అయిదు సెల్లు 1200 పైన ఉన్నాయి, నాలుగోది 1100 దగ్గరే. కాసేపు చార్జి పెట్టి మూతలు తీసి చూపించారు. అయిదింటిలో బుడగలు వచ్చాయి, నాలుగోదానిలో ద్రవం కదలకుండా ఉంది. లోపల ప్లేట్లు ఒకదానికొకటి తగిలేశాయి. "ఇందులో నేను చేయగలిగింది ఏమీ లేదు, బాబాయి గారూ. డబ్బు దండగ. ఇచ్చేయండి" అన్నారు.

ఒక్క సెల్లు మార్చలేరా అని చాలామంది అడుగుతారట. పాతకాలంలో మార్చేవారు. అప్పట్లో బ్యాటరీ పెట్టె గట్టి రబ్బరుతో, పైన తారులాంటి దానితో మూసి ఉండేది. సెల్లు నుంచి సెల్లుకు సీసపు పట్టీలు పైకే కనిపించేవి. తారు కరిగించి, పట్టీ కోసి, చెడ్డ సెల్లు లేపి, మంచిది పెట్టి అతికేవారు. ఆ పనిలో చెయ్యి తిరిగిన మేస్త్రీలు విజయవాడలో ఉండేవారు. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు మూతను వేడితో కరిగించి అతికేస్తారు, సెల్ల మధ్య అతుకులు గోడల లోపలే ఉంటాయి. కోసి అతికినా ఆమ్లం కారకుండా నిలవదు. పైగా ఏడేళ్ల ముసలి సెల్ల మధ్య కొత్త సెల్లు పెడితే దేనికీ సరిపడదు. ఆయన ఆ పని ఒప్పుకోకపోవడం సరైనదే.

సీలు వేసిన చిన్న యూపీఎస్ బ్యాటరీలను కూడా ఆయన తెరవరు. రబ్బరు మూతలు పీకి చుక్కలు చుక్కలుగా నీళ్లు పోసే పద్ధతి ఉంది గానీ ఎవరికి చేసినా హామీ ఇవ్వలేనని చెప్పేస్తారు.

ధర చెప్పాలి. తమ్ముడి బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి తొమ్మిది వందల రూపాయలు తీసుకున్నారు. కొత్త బ్యాటరీ ధరలో పదో వంతు కూడా కాదు. మా ఇంటిదాన్ని పరీక్షించినందుకు ఏమీ తీసుకోలేదు, నేను ఇవ్వబోయినా వద్దన్నారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, ఆయన ముఖం మీదే చెప్పాను కాబట్టి ఇక్కడా రాస్తాను. పనిచేసే కుర్రవాళ్లకు కళ్లద్దాలు లేవు. చేతికి తొడుగులు ఉన్నాయి, కళ్లకు లేవు. ఒక్క చుక్క ఆమ్లం కంట్లో పడితే చూపే పోవచ్చు. ఒక బకెట్టు నీళ్లు, కళ్లు కడిగే సీసా ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. తెప్పిస్తానన్నారు. మళ్లీ వెళ్లినప్పుడు మొదట చూసేది అదే. రెండో లోపం, సమయం. ఇంచుమించు వారం పట్టింది, ఆ లోపు ఇంటికి వాడుకోవడానికి తాత్కాలికంగా ఇంకో బ్యాటరీ ఇవ్వరు. మూడోది, తెచ్చుకోవడం, తీసుకెళ్లడం మన బాధ్యతే. ఇంత బ్యాటరీ ఆమ్లంతో కలిపి యాభై కిలోలు దాటుతుంది. ఆటోలో నిటారుగా నిలబెట్టి, తాడుతో కట్టి, ఇద్దరు మనుషులతో దించాలి. పడుకోబెట్టి తెచ్చినవారి ఆటో సీటు ఏమైందో అక్కడ ఒకటి చూశాను.

చీటీ వెనక ఆయన ఇచ్చిన జాగ్రత్తలు, వాటికి నేను కలిపేవి కొన్ని. నెలకోసారి నీళ్ల మట్టం చూడండి, వేసవిలో రెండుసార్లు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఆర్‌వో నీళ్లు తాగడానికి మంచివే, వాటిలో లవణాలు మిగిలే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది. అవి లోపలి లోహపు రెక్కల మీదుగా, దుమ్ము మీదుగా జారి వస్తాయి, వద్దు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుంటే ఏ డబ్బా నీళ్లు మంచివో అక్కడికక్కడే తేలిపోతుంది. ఈ దుకాణంలో డబ్బా మీద చీటీ లేకపోయినా, నీళ్లలో మీటరు ముంచితే సున్నా చూపించింది.

ఇన్వర్టర్ వెనక ట్యూబులర్, ఫ్లాట్ అని ఒక మీట ఉంటుంది. బ్యాటరీ ఏ రకమైతే మీట అటు ఉండాలి. తమ్ముడి ఇంట్లో అది కొన్ననాటి నుంచీ ఫ్లాట్ వైపే ఉంది. అలా ఉంటే ట్యూబులర్‌కు పూర్తి చార్జి ఎప్పుడూ అందదు. కరెంటు కోతలు తగ్గిన ఇళ్లలో ఇంకో చిక్కు. బ్యాటరీ నెలల తరబడి వాడకం లేకుండా నిండుగా కూర్చుంటుంది. నెలకోసారి మెయిన్ కట్టేసి గంటో రెండు గంటలో బ్యాటరీ మీద నడపండి, తర్వాత పూర్తిగా చార్జి కానివ్వండి. ఊరికి వెళ్తే నిండుగా చార్జి చేసి నెగటివ్ టెర్మినల్ విప్పేసి వెళ్లండి. నెలలు పడుతుందంటే నమ్మకమైన వారికి తాళాలిచ్చి నెలకోసారి చార్జి పెట్టించండి. ఈసారి తమ్ముడు వెళ్లినప్పుడు తాళాలు నా దగ్గరే ఉంటాయి.

టెర్మినళ్లు బిగించాకే పెట్రోలియం జెల్లీ రాయాలి, ముందు రాసి బిగించకూడదు. బ్యాటరీని మూసిన అల్మరాలో గానీ, దీపం వెలిగే పూజ గది గోడ పక్కన గానీ పెట్టకండి. ఎండ తగలని, గాలి ఆడే చోటు చూడండి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మన కోస్తా వేసవిలో మేడ మీద రేకుల షెడ్డులో పెట్టినది ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి? తిరుపతి దగ్గర కరకంబాడిలో, హైదరాబాద్‌లో దేశమంతటికీ బ్యాటరీలు తయారవుతున్నాయి. వాటిని కొన్న మన ఇళ్లలో హైడ్రోమీటరు ఉన్నది ఎన్నింటిలో? వందో రెండు వందలో పెడితే వస్తుంది. నన్నడిగితే ఇన్వర్టర్ కొన్న ప్రతివారికీ దుకాణదారే అది ఇవ్వాలి.

మా ఇంటి పాత బ్యాటరీని ఆయన సలహా మీదే కొత్తది కొన్న డీలరుకు ఇచ్చి, ధరలో తగ్గింపు తీసుకున్నాను. పాత బ్యాటరీలను వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. సీసం దాదాపు మొత్తం మళ్లీ వాడుకోవచ్చు. సందులో కొలిమి పెట్టి కరిగించేవారి చేతికి వెళ్తే మాత్రం ఆ పొగ, ఆ మట్టి చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా అలాంటి చోట ఇవ్వకండి.

తమ్ముడి బ్యాటరీ ఇంటికి చేరాక, చార్జి చేసి రాత్రంతా విడిగా ఉంచి ఉదయం మీటరు పెట్టాను, 12.4 వోల్టులకు పైనే ఉంది. సెల్లు గ్రావిటీకి (1240ని 1.240గా రాసుకుని) 0.84 కలిపి ఆరుతో గుణిస్తే వచ్చే అంకెకు సరిపోయింది. ఆ 1220 సెల్లును మాత్రం నెలనెలా చూడమని చెప్పాను. మిగతావాటి కన్నా 30 పాయింట్లు దిగితే మళ్లీ ఆటోనగర్ తీసుకెళ్లాలి.

వెళ్లదలచినవారికి: ఆదివారం సెలవు. ఉదయం పూట వెళ్తే ఆయన స్వయంగా ఉంటారు, మధ్యాహ్నం తర్వాత సరుకు పనిమీద తిరుగుతారు. బ్యాటరీ కొన్న తేదీ రాసిన బిల్లు, ఇన్వర్టర్ మోడల్ పేరు వెంట తీసుకెళ్లండి, మొదట అడిగేవి ఆ రెండే. వారంటీ ఇంకా మిగిలి ఉంటే ఆయన చెయ్యి పెట్టరు, ముందు కంపెనీవాళ్లకు చూపించి రమ్మంటారు.